అవుట్‌డోర్ కబుర్లు: పులిహోర కలిపే ముందు...

"పులిహోర కలపడం" అంటే ఏమిటో ఈ పేజీ చదివే కుర్రకారుకి నేను చెప్పాలా? కాలేజీ గేటు దగ్గర ఒకడు ఒకమ్మాయితో అయిదు నిముషాలు నవ్వుతూ మాట్లాడితే చాలు, వెనకనుంచి ఫ్రెండ్స్ "మొదలెట్టాడ్రా పులిహోర!" అంటారు. వెనకటి తరం దీన్నే "లైను వెయ్యడం" అనేది. లైనుకి రుచీ పచీ లేదు. పులిహోరకి వుంది. కనక మీ తరానికే నా ఓటు!

అసలు మన సినిమాకీ పులిహోరకీ చుట్టరికం ఇవాళ్టిది కాదండోయ్. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో ఘటోత్కచుడు ఎస్వీ రంగారావు పెళ్ళివారి విందంతా ఒక్కడే కూర్చుని లాగించే పాట గుర్తుందిగా? అందులో గారెలు, బూరెలు, అరిసెల సరసనే పులిహోర, దప్పళం కూడా వున్నాయి. తీపి పక్కన పులుపు లేకపోతే అది విందే కాదని ఆ పాట కట్టినవారికి బాగా తెలుసు.

ఈ వారం కబుర్లు ఆ పులుపు గురించే. ఊసుపోక రాస్తున్నాననుకోకండి. ఒక హీరోయిన్ గారి సలాడ్‌తో మొదలై, అరకు సంతలో ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న దాకా వెళ్ళింది సంగతి.

సీసా ఖాళీ!

ఫిబ్రవరి చివర్లో అరకులో ఒక పాట షూటింగు. హీరోయిన్ పేరు చెప్పను. మీరు ఊహించుకుంటే నా పూచీ లేదు. పొద్దున్నే లోయంతా మంచు. కెమెరాకి పది గజాల అవతల చెట్టు కూడా కనపడ్డం లేదు. ధింసా ఆడడానికి చుట్టుపక్కల గూడేలనుంచి వచ్చిన ఆడవాళ్ళు భుజాలు పట్టుకుని వరసగా నిలబడే వున్నారు. మేకప్ వేసుకున్నవాళ్ళు వేసుకున్నట్టే కూర్చున్నారు. ఎండ రావాలి, షాటు తియ్యాలి.

ఆ ఖాళీలో హీరోయిన్ గారి టిఫిన్ వేళయింది. ఆవిడ తినేది ఆకుకూరలు, ముక్కలు, ఉడికించిన శనగలు. దానిమీద నల్లగా, చిక్కగా, తియ్యగా, పుల్లగా వుండే ఒక ద్రవం నాలుగు చుక్కలు పడాలి. దాని పేరు బాల్సమిక్ వినిగర్. ఇటలీ సరుకు. నాలుగు చుక్కలు పడకపోతే ముద్ద దిగదు. చూడబోతే సీసా ఖాళీ!

ప్రొడక్షన్ మేనేజర్ మొహం మాడిపోయింది. విశాఖపట్నం వెళ్ళి తేవాలంటే నూటపదిహేను కిలోమీటర్లు, అందులో సగం ఘాటు రోడ్డు. కారు వెళ్ళి వచ్చేసరికి సాయంత్రం అయిపోతుంది. ఈలోపు ఎండ వస్తే హీరోయిన్ ఆకలితో వుంటుంది, హీరోయిన్ తిండి తింటే ఎండ వెళ్ళిపోతుంది!

మా యూనిట్ వంట మాస్టారిది పాలకొల్లు. ఆయన సీసా మూత తీసి, అడుగున అంటుకున్న చుక్కని వేలితో నాకి, ఓ క్షణం కళ్ళు మూసుకున్నాడు.

"ఏమండీ మేనేజరుగారూ... దీనికోసం వైజాగు ఎందుకండీ? అరగంటలో చేసేత్తానండీ, ఆయ్!"

చేసేశాడు కూడా. చింతపండు, బెల్లం, ఉప్పు, రెండు మిరియాలు, ఓ ఎండుమిరపకాయ. మరిగించి, వడగట్టి, చల్లార్చి, ఖాళీ సీసాలోనే పోసి పంపించాడు. హీరోయిన్ గారు తిన్నారు. "ఈ బ్రాండ్ ముందు దానికంటే బావుంది" అన్నారు. మేనేజర్ నవ్వలేక, చెప్పలేక వెనక్కి తిరిగి నిలబడ్డాడు. మధ్యాహ్నం నిజం చెప్పేస్తే ఆవిడ కోప్పడలేదు సరికదా, సీసా తనతో పట్టుకెళ్తానన్నారు.

నాకు మాత్రం సందేహం పట్టుకుంది. ఇటలీ ఎక్కడ, అరకు ఎక్కడ? అంత తేలిగ్గా ఒకదాని వేషం ఇంకొకటి ఎలా వేసింది?

ఆ సీసాలో వున్నదేమిటి?

ఇటలీలో మొడెనా అనే ఊరుంది. ఖరీదయిన ఫెరారీ కార్లు తయారయ్యే మరనెల్లో ఆ పక్కనే. అక్కడివాళ్ళు ద్రాక్షపళ్ళ రసాన్ని పెద్ద పాత్రల్లో మరిగించి చిక్కబెడతారు. దాన్ని చెక్క పీపాల్లో పోసి ఇంటి అటక మీద పెడతారు. ఒక పీపా కాదు. పెద్దది, దానికంటే చిన్నది, ఇంకా చిన్నది... అక్కాచెల్లెళ్ళలా వరసగా వుంటాయి. ఒకటి మల్బరీ చెక్క, ఒకటి చెర్రీ, ఒకటి ఓక్. వేసవి వేడికి నీరు ఆవిరవుతుంది, చలికాలంలో రసం తేరుకుంటుంది. ఏటా చిన్న పీపాలోంచి కాస్త తీసి, తగ్గినంత దాని పై పీపాలోంచి నింపుతారు.

ఇలా ఎన్నాళ్ళనుకున్నారు? కనీసం 12 ఏళ్ళు! 25 ఏళ్ళు దాటితే దానికి ఇంకో పెద్ద బిరుదు. ఆడపిల్ల పుడితే పీపాల వరస పెట్టి, పెళ్ళినాటికి సారె కింద ఇచ్చే ఆనవాయితీ కూడా అక్కడ వుందట. చివరికి దాన్ని 100 మిల్లీలీటర్ల బుడ్డి సీసాల్లో పోసి అమ్ముతారు. అంటే మన కాఫీ గ్లాసుకి సగం కూడా రాదు. దాన్ని కొనాలంటే జేబు బరువుగా వుండాలి.

మన ఊళ్ళ సూపర్ బజార్లలో కనిపించేది చాలావరకు ఇది కాదు. చిక్కబెట్టిన ద్రాక్షరసంలో వైన్ వినిగర్ కలిపి, కనీసం 60 రోజులు నిలవచేసిన తమ్ముడు సరుకు. హీరోయిన్ గారి సీసా కూడా తమ్ముడిదే.

అన్న పేరుని యూరప్ వాళ్ళు 2000లోనూ, తమ్ముడి పేరుని 2009లోనూ చట్టంతో కట్టుదిట్టం చేశారు. ఆ పద్ధతిలో, ఆ ప్రాంతంలో తయారవకపోతే యూరప్‌లో ఆ పేరు పెట్టుకుని అమ్మడానికి వీల్లేదు. ఈ పేరు సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. మళ్ళీ పని పడుతుంది.

అక్కడివాళ్ళు దాన్ని కాల్చిన మాంసం మీద చుక్కలు చుక్కలుగా వేస్తారు. చీజ్ ముక్క మీద వేస్తారు. స్ట్రాబెర్రీల మీద, ఐస్‌క్రీమ్ మీద కూడా వేస్తారు! కారానికీ అదే, తీపికీ అదే. తెరమీద డబుల్ యాక్షన్ అన్నమాట.

ద్రాక్షా చింతా అక్కాచెల్లెళ్ళు

మా వంట మాస్టారికి కెమిస్ట్రీ రాదు. నాలుక వచ్చు. ఆయన నాలుక కనిపెట్టినదాన్ని పుస్తకాలు కూడా ఒప్పుకుంటాయి. ద్రాక్షలో ముఖ్యమైన పులుపు టార్టారిక్ ఆమ్లం. చింతపండులో ముఖ్యమైన పులుపు కూడా అదే! నిమ్మకాయ పులుపు వేరు, మామిడికాయ పులుపు వేరు. ద్రాక్ష, చింత మాత్రం ఒకే గోత్రం.

ఇంకో విచిత్రం. మామూలు పండు పండుతున్నకొద్దీ పులుపు తగ్గి, తీపి పెరుగుతుంది. చింతకాయ అలా కాదు. తీపి పెరుగుతుంది గానీ పులుపు పెద్దగా తగ్గదు. రెండూ కలిసే కూర్చుంటాయి. ఆ పులుపు గట్టిగా వుండబట్టి మనం గుర్తించం గానీ, చింతపండులో చక్కెర తక్కువేమీ కాదు. దానికి కాస్త బెల్లం తోడిస్తే ఆ దాగిన తీపి బయటికొస్తుంది. మరిగిస్తే చిక్కబడుతుంది. నిలవుంటే నల్లబడుతుంది. ఇటలీవాడు పన్నెండేళ్ళకి తెచ్చే రంగుని మన జాడీలో పాత చింతపండు అడక్కుండానే తెచ్చుకుంటుంది.

రుచి అచ్చం అదే అని నేననను. చెక్క పీపా వాసన, ఏళ్ళ తరబడి వచ్చిన లోతు మన పులుసుకి రావు. మన పులుసులో వుండే బెల్లం కమ్మదనం దానికి లేదు. ఒకే కథని రెండు భాషల్లో తీసినట్టు! రెండూ ఆడతాయి.

అన్నట్టు, చింత పుట్టిల్లు మనది కాదు, ఆఫ్రికా. ఎప్పుడో వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకుంది. ఎంతగా మనదైపోయిందంటే, అరబ్బులు దాన్ని చూసి "హిందూదేశపు ఖర్జూరం" అని పేరు పెట్టారు. ఇంగ్లీషు టామరిండ్ ఆ మాటే.

సంతలో ఓ ప్రశ్న

మాస్టారి చేతిలో చింతపండు అయిపోయింది. యూనిట్‌కి రోజూ పులుసో చారో వుండాలిగా! మర్నాడు సంత. నేనూ ఆయనతో వెళ్ళాను.

కొండ సంత చూడాలి మీరు. తెల్లవారకముందే గూడేలనుంచి కావిళ్ళు, నెత్తిన గంపలు, జీపుల మీద మూటలు. అల్లం, పసుపు, మిరియాలు, చోళ్ళు, సామలు, కొండచీపుర్లు, అడ్డాకులు. ఫిబ్రవరి దాటిందంటే కొత్త చింతపండు. కుప్పలు కుప్పలు! ఎర్రగా, జిగురుగా, ముట్టుకుంటే వేలికి అంటుకుంటూ.

ఒక కుప్ప ముందు తల్లీకూతుళ్ళు కూర్చున్నారు. మాస్టారు ఓ రెబ్బ తుంచి నోట్లో వేసుకున్నాడు. పెద్దావిడ ఊరుకోలేదు.

"ఏటి బాబూ, కొంతావా, రుసి సూసి ఎల్లిపోతావా?"

"కొంటానమ్మా! పిక్క తీసిందేనా?"

"పిక్కలు తీసీసిందే. సూడు మా సేతులు!"

చూశాను. వేళ్ళ చివర్లు పగిలి వున్నాయి. పులుపు ఆ పగుళ్ళలోకి దిగితే ఎలా వుంటుందో మీరే ఆలోచించండి.

చింతపండు కిలో కొని ఇంటికి తెచ్చుకునే మనకి దాని వెనక పని తెలీదు. చెట్టు ఎత్తు చిన్నదా? మగవాళ్ళు ఎక్కి కొమ్మలు దులుపుతారు. కొమ్మ పట్టు తప్పిందంటే నడుం విరగడమే. కింద ఆడవాళ్ళు, పిల్లలు ఏరతారు. ఎండబెట్టి, పెంకు కొట్టి, ఈనెలు లాగి, ఒక్కొక్క పిక్కా కొట్టి తీస్తారు. పిక్కతో అమ్మితే ఒక ధర, తీసి అమ్మితే ఇంకాస్త ఎక్కువ. ఆ "ఇంకాస్త" కోసమే వారాల తరబడి ఆ చేతులు అలా అవుతాయి. తీసిన పిక్కలు కూడా పారేయరు. వేయించుకు తినేవి తింటారు. మిగతావి అమ్ముతారు. చింతపిక్కల పిండి బట్టల మిల్లుల్లో నూలుకి గంజిగా వాడతారు. మీ హీరోయిన్ కట్టిన చీర నూలులో కూడా ఏ కొండమీది చింతో వుండి వుండొచ్చు.

కూతురు డిగ్రీ చదువుతోందట. ముందురోజు షూటింగు దగ్గర ధింసా వరసలో నిలబడింది కూడా. నన్ను గుర్తుపట్టింది.

"అన్నయ్యా, మీరు సినిమా పేపరుకి రాస్తారు కదా? హీరోయిన్ మేడం సీసాలో పోసింది మా చింతపండేనటగా?"

వార్త అప్పుడే సంతదాకా వచ్చేసింది! అవునన్నాను.

"ఆ ఇటలీ సీసా ఎంతుంటుందన్నయ్యా?"

చెప్పాను. ఆ పిల్ల కుప్పవంక చూసింది. వేళ్ళమీద ఏదో లెక్క వేసుకుంది. లెక్క తేలాక నవ్వింది గానీ, అది సంతోషం నవ్వు కాదు.

"మా కొండల్ని సినిమాల్లో చూపిస్తారు. మేమూ గుంపులో కనపడతాం. మా చింతపండూ అంతేనన్నయ్యా. ప్రతివాళ్ళ పులుసులోనూ వుంటుంది. ఎవరిదో ఎవరికీ తెలీదు. సీసాలో పోసి పేరు రాస్తే మాదీ కొంటారా?"

నా దగ్గర చప్పున జవాబు లేదు. మాస్టారు మాత్రం మూడు కిలోలు కొన్నాడు. బేరం ఆడలేదు.

తెరమీద విప్లవం, చెట్టుమీద హక్కు

ఈ ప్రశ్న కొత్తది కాదు. కొండమీది కాయ ఎవరిది, దాని ధర చెప్పేది ఎవరు అన్న తగాదా నూటయాభై ఏళ్ళుగా నడుస్తోంది. 1882లో తెల్లవాళ్ళు మద్రాసు అటవీ చట్టం తెచ్చారు. తాతల నాటినుంచి అడివిలో తిరిగి, ఏరుకుని, పోడు కొట్టుకు బతికినవాళ్ళు ఒక్కసారిగా దొంగలైపోయారు. ఆ మంట చల్లారలేదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డాడంటే వెనక ఆ కడుపుమంట కూడా వుంది.

ఆ కథ మీకు సినిమాగానే ఎక్కువ తెలుసు. 1974 మే 1న విడుదలైన 'అల్లూరి సీతారామరాజు' కృష్ణకి నూరో చిత్రం, తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. షూటింగులో ఎక్కువ భాగం ఆ చింతపల్లి అడవుల్లోనే జరిగింది. మధ్యలో దర్శకుడు వి.రామచంద్రరావు కన్నుమూస్తే, మిగతాది కృష్ణ, కె.ఎస్.ఆర్.దాస్ పూర్తిచేశారు. తెరమీద విల్లంబులు చూసి మనం ఈలలు వేశాం. ఆ విల్లు పట్టినవాళ్ళు అడివిలో ఏం ఏరుకుని ఏం తిని బతికారన్నది మనకి పట్టలేదు.

స్వరాజ్యం వచ్చాక షావుకార్ల తూకాలనుంచి గిరిజనులని కాపాడాలని 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. విశాఖపట్నం దాని కేంద్రం. చింతపండు, తేనె, కుంకుడుకాయలు, కరక్కాయలు, జిగురు అది కొంటుంది. తన పేరుతో ప్యాకెట్లు కట్టి అమ్ముతుంది కూడా. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం, అడివిలో ఏరుకునే చిన్న ఫలసాయం మీద హక్కు గిరిజనులదేనని కాయితం మీద రాసింది. 2013-14 నుంచి కేంద్రం అలాంటి సరుకులకి కనీస మద్దతు ధర పథకం కూడా మొదలుపెట్టింది.

చట్టాలు వచ్చాయి, మంచిదే. కానీ చెట్టు దిగిన కాయకీ, సీసాలో వున్న పులుసుకీ మధ్య పెద్ద దూరం వుంది. లాభం అంతా ఆ దూరంలోనే కూర్చుంటుంది. ముడిసరుకు అమ్మేవాడికి కూలి మిగులుతుంది. వండి, సీసాలో పోసి, పేరు రాసేవాడికి లాభం మిగులుతుంది. మొడెనావాళ్ళ తెలివి ద్రాక్షలో లేదు. ఆ ద్రాక్షని తామే వండుకోవడంలో వుంది.

ఇక గరిట పట్టండి

ఉపన్యాసం చాలు. మాస్టారి దగ్గర రాసుకున్న పద్ధతి చెబుతాను. హాస్టల్లో వున్నవాళ్ళు కూడా చేసుకోవచ్చు.

గింజలు, ఈనెలు తీసిన చింతపండు 100 గ్రాములు. రెండు గ్లాసుల వేడినీళ్ళలో గంటసేపు నానబెట్టండి. గట్టిగా పిసికి, జల్లెడలో వడగట్టండి. పిప్పి మిగలకూడదు. అందులో తరిగిన బెల్లం 150 గ్రాములు, అర టీస్పూను ఉప్పు, నలగ్గొట్టిన మిరియాలు నాలుగైదు, ఒక ఎండుమిరపకాయ, చిన్న అల్లం ముక్క వేసి సన్నని సెగమీద పెట్టండి. ఇరవై, ఇరవైఅయిదు నిముషాలు. అడుగంటకుండా కలుపుతూ వుండాలి. గరిటకి పలచగా పట్టుకోగానే దింపెయ్యాలి. ఇంకా చిక్కబడాలని ఆశపడకండి! చింతపండు చల్లారాక దానంతటదే బిగుసుకుంటుంది. మిరపకాయ, అల్లం ఏరేసి, ఇంకోసారి వడగట్టి, తడిలేని గాజుసీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు వారాలు ఢోకా లేదు.

ఒక హెచ్చరిక. అల్యూమినియం, కళాయి లేని ఇత్తడి గిన్నెల్లో మాత్రం చెయ్యొద్దు. పులుపు లోహాన్ని కొరుకుతుంది. మన అమ్మమ్మలు పులుసుకి రాచ్చిప్పే ఎందుకు వాడేవారనుకున్నారు? స్టీలు గిన్నె, మట్టిపాత్ర కూడా ఫరవాలేదు.

ముందు కారం సంగతి. అరకు వెళ్ళినవాళ్ళు బొంగు చికెన్ తినకుండా రారు. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పులమీద కాలుస్తారు. చుక్క నూనె వుండదు. బొంగు చీల్చి ముక్కలు ఆకులో పోశాక, పైన ఒక స్పూను ఈ పులుసు వేసి కలపండి. పొగ వాసన, కారం, తీపి, పులుపు ఒకదాని వెనక ఒకటి వస్తాయి! అయితే కాలేముందే పట్టించకండి. బెల్లం మాడి చేదెక్కుతుంది. ఇంట్లో పెనం మీద చేసుకునే చికెన్‌కి కూడా ఇదే సూత్రం. ఆఖరి రెండు నిముషాల్లోనే వెయ్యాలి.

శాకాహారులు చిన్నబుచ్చుకోవద్దు. నిప్పులమీద కాల్చిన చిలగడదుంప, కాల్చిన వంకాయ, ఆవిరిమీద ఉడికిన గుమ్మడి ముక్కలు... వీటిమీద ఈ పులుసు, పైన వేయించిన నువ్వులు. ఇది మన తీపిగుమ్మడి దప్పళానికి మోడరన్ డ్రెస్ వేసినట్టు. హీరోయిన్ మార్కు సలాడ్ కావాలా? ఒక స్పూను పులుసు, రెండు స్పూన్ల నువ్వులనూనె, చిటికెడు ఉప్పు సీసాలో వేసి గిలకొట్టి, ఉల్లి, టమాటా, దోస ముక్కలు, ఉడికించిన వేరుశనగల మీద పొయ్యండి. పెసరట్టు పక్కన అల్లం పచ్చడి తినేవాళ్ళకి ఈ రుచి కొత్తేం కాదు. అందులో వున్నదీ చింతపండు, బెల్లమే కదా!

ఇప్పుడు తీపి. ఇక్కడే చాలామంది మొహం చిట్లిస్తారు. "చింతపండేమిటి, స్వీటేమిటి?" అంటారు. ఉగాది పచ్చడి తినే జాతి అనాల్సిన మాటేనా ఇది? బళ్ళో చదివేటప్పుడు ఇంటర్వెల్‌లో చింతపండు, బెల్లం, ఉప్పు, కారం, జీలకర్ర కలిపి దంచి, పుల్లకి గుచ్చి చప్పరించనివాళ్ళు ఎవరన్నా వున్నారా?

చింతపల్లి దగ్గర లంబసింగిలో ఇప్పుడు స్ట్రాబెర్రీలు పండిస్తున్నారు. చలికాలంలో ఆ మంచు చూడ్డానికి వెళ్ళినవాళ్ళు పెట్టెలు పెట్టెలు కొనుక్కొస్తారు. లొకేషన్ చూడ్డానికి వెళ్ళిన మా యూనిట్ కారు కూడా తెచ్చింది. మాస్టారు వాటిని రెండేసి ముక్కలు కోసి, రెండు స్పూన్ల పులుసు కలిపి పావుగంట వుంచాడు. పళ్ళు రసం వదిలాయి. పైన చిటికెడు మిరియాలపొడి చల్లాడు. ఇటలీవాడు చేసేదీ సరిగ్గా ఇదే! పండు తీపి కాస్త తక్కువైనా ఈ పులుసు పైకి లేపుతుంది. అనాస ముక్కలకి, పనస తొనలకి, ముగ్గిన అరటిపండుకి కూడా ఇంతే.

వెనిల్లా ఐస్‌క్రీమ్ మీద ఒక్క స్పూను సన్నటి ధారగా పొయ్యండి. పాలతీపి మొహం మొత్తకుండా పులుపు పట్టుకుంటుంది. వేడిపాలల్లో, వేడిపాయసంలో మాత్రం కలపకండి. విరిగిపోతాయి. మీ పులిహోర కూడా విరుగుతుంది!

చివరగా ఇంటర్వెల్ షర్బత్. గ్లాసులో ఐసు ముక్కలు, రెండు స్పూన్ల పులుసు, చిటికెడు నల్ల ఉప్పు, పైన చల్లటి సోడా. హాల్లో అమ్మే రంగునీళ్ళ కన్నా ఎన్నో రెట్లు నయం.

పేరు సంగతి

గుర్తుపెట్టుకోమన్న పేరు దగ్గరికి వద్దాం. అరకు కాఫీ చూడండి. ఆ కొండల్లో గిరిజనులు పండించే కాఫీ గింజ కూడా ఒకప్పుడు గుంపులో గోవిందే. ఎవరి కాఫీ పొడిలో కలిసిందో తెలిసేది కాదు. 2017లో పారిస్‌లో అరకు పేరుతోనే కాఫీ షాపు తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడు ఆ పేరు చూసి కొంటున్నారు. గింజ మారలేదు. పేరు వచ్చింది. ఇంకో మాట. ఒడిశాలోని మయూర్‌భంజ్ గిరిజనులు ఎర్రచీమలతో చేసుకునే పుల్లటి పచ్చడికి కూడా 2024లో భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. చీమల పచ్చడికి వచ్చిన గౌరవం చింతపండు పులుసుకి రాకూడదని ఎక్కడుంది?

పేరు వచ్చినంత మాత్రాన ఆ డబ్బంతా చెట్టెక్కినవాడి చేతికి వస్తుందని కాదు. కాఫీలో కూడా ఆ లెక్క చూసుకుంటూనే వుండాలి. కానీ పేరు లేకపోతే లెక్క అడగడానికే వీలుండదు. సంతలో ఆ అమ్మాయి అడిగింది ఆ వీలు గురించే. ఆవిడ అడిగినదానికి ఆలస్యంగానైనా నా జవాబు ఇది: కొంటారమ్మా. వండి సీసాలో పోసి, మీ గూడెం పేరు పైన రాసి అమ్మండి. మొదటి సీసా నాకు వుంచండి.

మీకు చెప్పేది కూడా ఒక్కటే. ఈసారి అరకు వెళ్ళినప్పుడు సెల్ఫీలతో పాటు ఒక కిలో చింతపండు కూడా తెచ్చుకోండి. సంతలో కూర్చున్నవాళ్ళ దగ్గర కొనండి. అయిదు రూపాయల దగ్గర బేరం ఆడకండి. సినిమా టిక్కెట్టుకీ పాప్‌కార్న్‌కీ మనం బేరం ఆడతామా ఏమిటి?

పులుసు కుదిరితే మీ ఇంట్లోవాళ్ళకి పెట్టండి. కుదరకపోతే మాస్టారి మీదకి నెట్టండి, ఆయన ఏమీ అనుకోడు. మీ ఊళ్ళో తీపికీ కారానికీ పనికొచ్చే ఇలాంటి పులుపు ఇంకేదన్నా వుంటే ఒక ఉత్తరం ముక్క రాయండి. బావున్నవి ఈ పేజీలోనే వేస్తాం.

వచ్చేవారం ఇంకో అవుట్‌డోర్, ఇంకో కబురు.